పొయ్యి ఆపాక మొదలయ్యే పని: ఎనిమిది వారాల ముందువంట డైరీ

మొదలుపెట్టే ముందు, శనివారం రాత్రి

పోయిన నెల లెక్క తీశాను. 22 పనిదినాల్లో 13 రోజులు మధ్యాహ్నం బయట కొనుక్కుని తిన్నాను. మూడు రోజులు బిస్కెట్లతో సరిపెట్టాను. ఇంటి భోజనం చేసింది ఆరు రోజులే. వంట రాక కాదు. ఉదయం ఆరున్నరకు గడప దాటాలంటే ఐదింటికే లేచి కూరగాయలు తరగాలి. ఆ ఓపిక నాకు లేదని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. పైగా అప్పుడప్పుడు ఉద్యోగం పని మీద ప్రయాణాలు.

అందుకే ఈ ప్రాజెక్టు. ఆదివారం రెండున్నర గంటల్లో వారం మధ్యాహ్నాలకు సరిపడా వండి పెట్టుకోవాలి. డబ్బాలో సగం కూరగాయలు, పావు వంతు అన్నం, పావు వంతు శనగలో గుడ్లో ఉండాలి. ప్రయాణం ఉన్న వారంలో వెళ్లే పూట, వచ్చే పూట నా సంచిలోంచే తినాలి. చేసినవి, తిన్నవి, పారేసినవి అని మూడు గడులు గీసిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాను. గడువు ఎనిమిది వారాలు.

మొదటి ఆదివారం

రాత్రంతా నానబెట్టిన అర కిలో కాబూలీ శనగలు ఉడికించాక కిలోకు పైనే తూగాయి. నా పెద్ద గిన్నె అంచుల దాకా వచ్చాయి. అన్నం వండాను. క్యారెట్, బీన్స్, కాలీఫ్లవర్ ఓవెన్‌లో వేయించాను. కీర దోసకాయ, టమాటా ముక్కల్లో ఉప్పు, నిమ్మరసం కలిపాను. ఆరు గుడ్లు ఉడకబెట్టాను. రెండున్నర గంటలు అనుకున్నది నాలుగు గంటల పది నిమిషాలైంది. అలసిపోయి, అన్నం గిన్నె, శనగల గిన్నె వేడిగానే మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేసి పడుకున్నాను.

ఆ తోసేయడమే ఈ డైరీకి అసలు మొదలు.

మొదటి వారం, బుధవారం

సోమవారం ఉదయం అన్నంలో చెయ్యి పెడితే మధ్యలో ఇంకా గోరువెచ్చగా ఉంది. చాలాసేపు ఫ్రిజ్‌లో ఉన్నా! పట్టించుకోకుండా డబ్బా కట్టుకున్నాను. మంగళవారం కూడా తిన్నాను. ఏమీ కాలేదు, అది నా అదృష్టం. ఈరోజు మూత తీస్తే అన్నం జిగురుగా ఉంది. ఆ అన్నంతో కట్టిన రెండు డబ్బాలు పారేశాను. శుక్రవారం డబ్బాలో అన్నం లేదు కాబట్టి అది బతికింది.

అన్నం విషయంలో నాకు ఇంతకాలం ఒక అపోహ ఉండేది. బాగా ఉడికింది కాబట్టి క్రిములు చచ్చిపోయి ఉంటాయి, మళ్లీ వేడి చేస్తే మిగిలినవీ పోతాయి అనుకునేవాణ్ణి. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్ల రూపంలో, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రపోయే రూపంలో, ఉడుకును తట్టుకుంటుంది. అన్నం నెమ్మదిగా చల్లారేటప్పుడు ఆ వెచ్చదనంలో మొలకెత్తి పెరుగుతుంది. అది విడుదల చేసే ఒక విషం మళ్లీ వేడి చేసినా విరగదు. వాసన, రుచి చూసి పసిగట్టడం కూడా కుదరదు. జిగురు కనిపించింది కాబట్టి నేను పారేశాను. కనిపించకపోయి ఉంటే తినేవాణ్ణి.

మొదటి వారం, శుక్రవారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క తేలికే. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. ఆ రెంటి మధ్య గది వాతావరణంలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండల్లో అయితే ఒక గంటే అని కొన్ని దేశాల ఆహార భద్రతా సంస్థలు చెబుతాయి.

నా ఫ్రిజ్ నిజంగా 5 లోపే ఉందా అన్న అనుమానం వచ్చింది. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి నడిమి అరలో రాత్రంతా ఉంచాను. తలుపు తీసినప్పుడల్లా గాలి ఉష్ణోగ్రత మారిపోతుంది గానీ నీళ్లది అంత త్వరగా మారదు, అందుకే గ్లాసు. ఉదయం చూస్తే 8 డిగ్రీలు. తలుపులోని అరలో 11. ఇన్నాళ్లూ పాలు ఉంచింది అక్కడే. మీట తిప్పి రెండు రోజులు ఆగాక నడిమి అర 4కు వచ్చింది.

వారం లెక్క: చేసినవి 5, తిన్నవి 3, పారేసినవి 2.

రెండో ఆదివారం

ఈరోజు వంట మీద కాకుండా చల్లార్చడం మీదే ప్రయోగం. ఉడికిన శనగల్ని నీటితో సహా సగం లోతు గిన్నెలో ఉంచాను. మిగతా సగాన్ని వెడల్పాటి పళ్లెంలో మూడు సెంటీమీటర్ల మందాన పరిచి, ఆ పళ్లెం అడుగు చల్లటి నీళ్లలో ఉండేలా పెట్టి, మధ్యమధ్య గరిటెతో కలిపాను. 50 నిమిషాలకు పళ్లెంలోవి 31 డిగ్రీలు. అప్పటికి లోతు గిన్నె మధ్యలో 68. రెండు గంటలకు కూడా 52 దగ్గరే ఉంది. పొయ్యి మీద అంత కష్టపడి వండినదాన్ని పాడుచేస్తున్నది ఆ లోతే.

హోటళ్ల వంటశాలలకు అమెరికాలో ఒక నియమం ఉంది: 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో చల్లార్చాలి. నా వంటగదే 28 డిగ్రీలు ఉన్నప్పుడు బయట పెట్టి 21కి దించడం ఎవరి తరమూ కాదు. అందుకే గోరువెచ్చన కాగానే పళ్లేల్ని ఫ్రిజ్‌లోకి పంపాను. పళ్లెంలో పలచగా పరిస్తే గోరువెచ్చటి పదార్థాన్ని ఫ్రిజ్ తట్టుకుంటుంది. వేడి గిన్నెనే తట్టుకోలేదు, పక్కనున్న వాటినీ వేడెక్కిస్తుంది.

ఫోనులో అమ్మతో ఇదంతా గొప్పగా చెప్పాను. "మూత వెంటనే పెట్టకురా, ఆవిరి నీళ్లై మళ్లీ అన్నంలోనే పడుతుంది. ఇదంతా నేను చెబితే వినవు, థర్మామీటర్ చెబితే వింటావు" అంది. నిజమే. పూర్తిగా చల్లబడేదాకా మూత వదులుగానే ఉంచాను.

మొత్తం మూడు గంటలు పట్టింది. శుక్రవారం డబ్బా పారేశాను. ఫ్రిజ్‌లో వండిన పదార్థానికి మూడు నాలుగు రోజులే గడువు అంటారు. ఆదివారం వండినది గురువారంతో సరి. ఐదో రోజుకు వేరే దారి వెతకాలి.

చేసినవి 5, తిన్నవి 4, పారేసినవి 1.

మూడో ఆదివారం

శుక్రవారానికి దారి ఫ్రీజర్. దానివల్ల ఇంకో తలనొప్పి కూడా తీరింది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం రెండో రోజుకే రాళ్లలా గట్టిపడుతోంది. ఇది ఎండిపోవడం వల్ల అనుకున్నాను, కాదు. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థం చల్లబడ్డాక తిరిగి గట్టి స్ఫటికాల్లా పేరుకుంటుంది. ఆ మార్పు ఫ్రిజ్ ఉష్ణోగ్రతలోనే జోరుగా సాగుతుంది, మైనస్ 18లో దాదాపు ఆగిపోతుంది. అంటే రెండు రోజుల తర్వాత తినే అన్నానికి ఫ్రిజ్ కంటే ఫ్రీజరే మెత్తటి ఇల్లు. నమ్మలేక రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఫ్రీజర్ అన్నం మీద చెంచాడు నీళ్లు చిలకరించి మైక్రోవేవ్‌లో పొగలు వచ్చేదాకా వేడి చేస్తే అప్పుడే వండినట్టు విడివిడిగా వచ్చింది. ఫ్రిజ్ అన్నం అదే వేడికి మెత్తబడింది గానీ అంచుల్లో బిరుసు పోలేదు.

ఒక్కో పూటకు సరిపడా అన్నాన్ని సంచుల్లో రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, పలకల్లా నిలబెట్టి గడ్డకట్టించాను. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్దపెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కూరగాయల కణాల గోడల్ని చీల్చేస్తాయి. కరిగాక ముక్క చప్పబడి నీళ్లు ఊరడానికి కారణం అదే. బీన్స్, క్యారెట్ రెండు నిమిషాలు మరిగే నీళ్లలో వేసి, వెంటనే చల్లటి నీళ్లలోకి మార్చి ఫ్రీజర్‌లో పెట్టాను. వాటిలోని ఎంజైములు ఆగిపోతాయి, రంగు నిలుస్తుంది. ఉడికిన బంగాళదుంప మాత్రం ఫ్రీజర్‌లోంచి తీశాక తడి స్పాంజిలా అయింది. కీర దోసకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మూడో వారం, గురువారం

చేసిన ఆరింటిలో మూడే తిన్నాను. పాడైనందుకు కాదు. నాలుగో రోజు అదే రుచి గల డబ్బా మూత తీయాలనే అనిపించలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ సహోద్యోగి తినే వేడివేడి నూడుల్స్ వాసనకు లొంగిపోయాను. మిగిలిన మూడూ ఫ్రీజర్ రకాలు కాబట్టి అలాగే ఉన్నాయి.

తప్పు వంటకాన్ని వంటకంగా ఆఖరిదాకా పూర్తి చేసేయడంలో ఉంది. ఆదివారమే ఉప్పు, కారం, పులుపు అన్నీ వేసి ముగించేస్తే వారమంతా ఒకటే పాట. ఇకనుంచి శనగలు, కూరగాయలు చప్పగానే ఉంచుతాను. రుచి చిన్న సీసాల్లో వేరుగా ఉంటుంది: నువ్వుల ముద్ద నిమ్మరసంతో ఒకటి, కాల్చిన టమాటాతో ఒకటి, పెరుగు పుదీనాతో ఒకటి. వెల్లుల్లి నూనె కూడా చేసి కప్‌బోర్డులో పెట్టబోయి ఆగాను. పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగితే గాలి తగలదు, పులుపూ ఉండదు. బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు కలిగించే బ్యాక్టీరియాకు అంతకన్నా ఏం కావాలి? చేస్తే ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగు రోజుల్లో వాడేయాలి. నేను చేయడమే మానుకున్నాను.

చేసినవి 6, తిన్నవి 3, పారేసినవి 0, ఫ్రీజర్‌లో 3.

నాలుగో వారం, గురువారం, రైల్లో

ఉదయం బయల్దేరితే రాత్రికి చేరే రైలు. మధ్యాహ్నానికి ఫ్లాస్కు, రాత్రికి గుడ్లు, రొట్టె, ఒక సలాడ్ డబ్బా. ఫ్లాస్కును మంగళవారమే పరీక్షించాను. ముందుగా మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఉడుకుతున్న శనగల పులుసు నింపాను. ఐదు గంటలకు 64 డిగ్రీలు, ఏడు గంటలకు 57. నీళ్లతో వేడెక్కించకుండా నింపినప్పుడు నాలుగు గంటలకే 60 కిందికి పడిపోయింది. సగం నింపినా అంతే, లోపలి ఖాళీ వేడిని మింగేస్తుంది. కాబట్టి ఉదయం ఎనిమిదికి నింపితే ఒంటి గంటకల్లా తినేయాలి.

అలాగే తిన్నాను. పొగలు కక్కే పులుసు చూసి ఎదుటి సీటు పెద్దాయన "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగారు. ప్రాజెక్టులో ఇప్పటికి ఇదే పెద్ద బహుమతి.

రాత్రి భోజనం వేడి తగలని సంచిలో, గడ్డకట్టిన రెండు నీళ్ల సీసాల మధ్య ఉంది. ఏడు గంటల తర్వాత కూడా లోపల 5 డిగ్రీలే, మంచు ఇంకా మిగిలి ఉంది. అక్కడిదాకా బాగుంది. సలాడ్ డబ్బా తీస్తే మూత పక్కనుంచి నీళ్లు కారి సంచి అడుగంతా తడి. కీర దోసకాయ ముక్కలకు నేను ఉదయమే ఉప్పు కలిపాను. ఉప్పు ముక్కల్లోని నీటినంతా బయటకు లాగేసింది. మొత్తం పారేశాను. ఇక గుడ్లు. వాటి పొట్టు తీయగానే పెట్టె మొత్తానికి నా భోజనం వివరాలు తెలిసిపోయాయి. ఎక్కువసేపు ఉడికిస్తే తెల్లసొనలోంచి ఆ వాసన వేసే గంధకపు వాయువు పుట్టి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి దాని చుట్టూ ఆకుపచ్చ వలయం ఏర్పడుతుంది. నేను పదిహేను నిమిషాలు ఉడికించాను. తొమ్మిది చాలు, వెంటనే చల్లటి నీళ్లలో వేయాలి. ఇకమీదట రైల్లో గుడ్లు వద్దు, తోటి ప్రయాణికులు ఏ పాపం చేశారు?

తిరుగు ప్రయాణానికి సంచిలోంచి తినాలన్న నియమం తెలివితక్కువది. ఫ్రిజ్ లేని బసలో రాత్రంతా వండిన పదార్థం ఎలా ఉంచుతాను? శుక్రవారం కొనుక్కునే తిన్నాను. తిరుగు ప్రయాణానికి పొడి పదార్థాలే అని నియమం దిద్దాను.

చేసినవి 6, తిన్నవి 5, పారేసినవి 1.

ఐదో వారం

వండలేదు. ఆదివారమంతా జ్వరం. ఫ్రీజర్‌లోని మూడు డబ్బాలే కాపాడాయి. ఒకటి శనగలు అనుకుని కరిగిస్తే ఎప్పటిదో గుమ్మడికాయ ముక్కలు బయటపడ్డాయి, లెక్కలో లేనివి. గడ్డకట్టాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాగితపు టేపు మీద పేరు, వండిన తేదీ, ఏ రోజులోపు తినాలో రాసి అంటించడం ఈ వారం నుంచి. తేదీ ఒక్కటే రాస్తే ఉదయం నిద్రకళ్లతో కూడికలు చేయాల్సి వస్తోంది.

ఆరో వారం, బుధవారం, విమానాశ్రయం

శనగల ముద్ద పోయింది. నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపి మెత్తగా రుబ్బి, క్యారెట్ ముక్కలతో తినడానికి 250 గ్రాముల డబ్బాలో తెచ్చాను. తనిఖీ దగ్గర పక్కకు పిలిచారు. 2006 నుంచి చాలా విమానాశ్రయాల్లో చేతిసంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాలు దాటకూడదని నాకు తెలుసు. ముద్ద ద్రవమెలా అవుతుందని వాదించాను. పూతలా రాయగలిగేది, పోయగలిగేది ఏదైనా అందులోకే వస్తుందట, పెరుగు కూడా. ఆ అధికారి మర్యాదగానే చెప్పారు. డబ్బా మాత్రం చెత్తబుట్టలోకి పోయింది. పారేసిన గడిలో ఒకటి, కసితో రాశాను.

మిగతావన్నీ దాటాయి. ఓవెన్‌లో కరకరలాడేలా వేయించిన శనగలు, బాదం, క్యారెట్, నిమ్మరసం పూసిన ఆపిల్ ముక్కలు, ఓట్స్ పలకలు. వేరే దేశానికి వెళ్లేవారు పండు విమానంలోనే తినేయడం మంచిది, చాలా దేశాలు తాజా పండ్లు, మాంసం సరిహద్దు దాటనివ్వవు.

ఓట్స్ పలకల వెనక పెద్ద కథే ఉంది. 200 గ్రాముల ఓట్స్, 150 గ్రాముల ఖర్జూరం, 80 గ్రాముల బాదం, వాల్‌నట్. మొదటిసారి ఒక అరటిపండు మెదిపి కలిపాను. మెత్తగా, కమ్మగా వచ్చాయి. నాలుగో రోజు బూజు. ఆహారం నిలవ ఉండడం అందులో ఎంత నీరుందన్న దాని మీద కంటే, ఆ నీరు క్రిములకు ఎంత అందుబాటులో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. స్వచ్ఛమైన నీటికి ఆ కొలత 1. 0.85 కిందికి వస్తే రోగం తెచ్చే బ్యాక్టీరియా దాదాపు పెరగలేదు. 0.6 కిందికి వస్తే బూజు కూడా పట్టదు. చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, అరటిపండు తెచ్చినంత నీటిని మాత్రం పట్టలేకపోయింది. రెండోసారి అరటిపండు మానేసి, ఓట్స్ ముందే దోరగా వేయించి, 160 డిగ్రీల ఓవెన్‌లో 25 నిమిషాలు ఉంచాను. అవి చల్లారకముందే కోసి పొడిపొడి చేసుకున్నాను. మూడోసారి పూర్తిగా చల్లారాక కోశాను, నిలిచాయి. పదో రోజుకు కూడా చెక్కుచెదరలేదు.

ఆరోగ్యకరం అని గర్వపడబోయి లెక్క వేశాను. ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. తేనె మానేసి ఖర్జూరం వేశామని చక్కెర మాయమవదు. ప్రయాణంలో రెండు పలకలు, అంతే. వేయించిన శనగల్లోనూ ఉప్పు సగానికి తగ్గించాను. రోజంతటికీ 5 గ్రాములు దాటకూడదన్నప్పుడు చిరుతిండికే ఒక గ్రాము పోతే ఎలా?

చేసినవి 6, తిన్నవి 5, పారేసినవి 1.

ఏడో వారం

శనగలతో విసుగొచ్చి రాజ్మా తెచ్చాను. స్లో కుక్కర్‌లో వేసి మరిచిపోదామన్నది పథకం. మానుకున్నాను. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ఒక రకం ప్రోటీన్ తీవ్రంగా వాంతులు తెప్పిస్తుంది. సన్నటి వేడిలో అది పోదు, సరిగా ఉడకని గింజ పచ్చిదానికన్నా హానికరం కావచ్చు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అర గంట తెర్లనిచ్చి, ఆ తర్వాతే మంట తగ్గించాను.

సమయం రెండు గంటల ఐదు నిమిషాలు. వరస మార్చడమే కిటుకు. చల్లారడానికి ఎక్కువసేపు పట్టేవి ముందు వండాలి. అవి పళ్లేల్లో చల్లారుతుండగా కూరగాయలు తరగాలి. మొదటి వారం నేను తరగడం అంతా ముగించి చివర్లో అన్నం పెట్టేవాణ్ణి, అందుకే అది వేడిగా ఫ్రిజ్‌లోకి పోయేది.

చేసినవి 7, తిన్నవి 5, పారేసినవి 0, ఫ్రీజర్‌లో 2.

ఎనిమిదో వారం, శుక్రవారం

ఐదు చేశాను, ఐదూ తిన్నాను. గంటా యాభై నిమిషాలు.

కాగితం తీసి కూడితే చేసినవి 40, తిన్నవి 33, పారేసినవి 5, ఫ్రీజర్‌లో 2. రెండు నెలల్లో బయట కొన్న మధ్యాహ్న భోజనాలు తొమ్మిది. పారేసిన ఐదింటిలో ఒక్కటీ వంట చెడి పారేసింది కాదు. మూడు చల్లార్చడంలో, గడువు లెక్కలో తప్పి పోయాయి, ఒకటి ఉప్పు ముందే కలిపినందుకు, ఒకటి తనిఖీ అధికారికి సమర్పణ.

తేలనిది ఒకటి మిగిలింది, పాలకూర. కడిగి డబ్బాలో పెడితే మూడో రోజుకు అంచులు నల్లబడి జారుతున్నాయి. కడగకుండా పెడితే ఉదయం కడిగే తీరిక లేదు. ఈ రాత్రి ఒకే కట్టను రెండు డబ్బాల్లో సర్దాను. రెండూ కడిగి, గుడ్డ మీద ఆరబెట్టినవే. ఒకదాంట్లో అడుగున, పైన పొడి కాగితం, రెండోదాంట్లో ఏమీ లేదు. టేపు మీద "మంగళవారం తెరవాలి" అని రాసి నడిమి అరలో పెట్టాను.